డ్రైవ్ ట్రిప్ అయితే బోర్డు మార్చకండి, ముందు వైరు పట్టుకుని వెళ్లండి

మా గోదావరి జిల్లాల్లో ఇప్పుడు డ్రైవ్ (మోటారు వేగాన్ని పెంచి తగ్గించే వీఎఫ్‌డీ పెట్టె) లేని చోటు దొరకడం కష్టం. మండపేట వైపు రైస్‌మిల్లుల్లో బాయిలర్ పొగ లాగే ఐడీ ఫ్యాన్‌కి డ్రైవే, భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో నీళ్ల పంపుకి డ్రైవే, ఐస్ ఫ్యాక్టరీలోనూ మేత మిల్లులోనూ అదే. అది ట్రిప్ అయి, అంటే ఏదో తేడా చూసి తనంతట తానే ఆగిపోయి, స్క్రీన్ మీద నాలుగు అక్షరాలు పడగానే వచ్చే ఫోను మాత్రం ఎప్పుడూ ఒకటే: "డ్రైవ్ పోయిందండీ, కొత్తది ఎంతవుద్దండీ?"

నేను చూసినంతలో నిజంగా డ్రైవ్ పోయినవి తక్కువే. మోటారు మీద వైర్లు కలిపే టెర్మినల్ బాక్సులో నీళ్లు, కేబుల్ ఆ బాక్సులోకి దూరే గ్లాండ్ దగ్గర తెగిన కోర్ (కేబుల్ లోపలి వైరు), ఎలుక కొరికిన షీల్డు వైరు, పచ్చగా చిలుము పట్టిన కనెక్టరు, ఇవే ఎక్కువ. పాపం డ్రైవ్ చేసిందల్లా దాన్ని పసిగట్టి ఆగిపోవడం. జ్వరం చూపించిందని థర్మామీటరు మార్చేవాళ్లు ఎవరూ ఉండరు గానీ, డ్రైవ్ విషయంలో రోజూ జరిగేది అదే.

కింద రాసింది నేను పని చేసే వరుస. మీటరు పట్టుకోవడం వచ్చినవాళ్లకి, మిల్లు ఎలక్ట్రీషియన్లకి, ఐటీఐ చేసి కొత్తగా పనిలోకి వచ్చిన తమ్ముళ్లకి. డ్రైవ్ లోపల కార్డు రిపేరు ఇందులో లేదు, అది వేరే పని.

చెయ్యి పెట్టే ముందు

415 వోల్టుల లైను డ్రైవ్ లోపల డీసీగా మారేసరికి 560 నుంచి 590 వోల్టుల దాకా ఉంటుంది. మెయిన్ ఆపేసినా అదంతా కెపాసిటర్లలో నిలబడే ఉంటుంది. ఎన్ని నిమిషాలు ఆగాలో మూత మీద రాసి ఉంటుంది, మామూలుగా 5 నుంచి 10, పెద్ద డ్రైవ్‌లకి ఇంకా ఎక్కువ. ఆగాక కూడా డీసీ ప్లస్, మైనస్ టెర్మినళ్ల మధ్య మీటరు పెట్టి 50 వోల్టుల కిందకి దిగిందని చూశాకే పని మొదలుపెట్టండి. ఛార్జ్ లైటు ఆరిపోయింది కదా అని నమ్మొద్దు, ఆ లైటు కూడా కాలిపోతుంది. మీటరు పనిచేస్తోందో లేదో ముందూ తర్వాతా ఏదైనా లైవ్ పాయింటు మీద చూసుకోండి.

మా వైపు ఇంకో మెలిక ఉంది, జనరేటరు. కరెంటు పోతే ఏరేటర్లు ఆగి రొయ్యలు తేలిపోతాయని చెరువుల దగ్గర చాలామంది ఆటోమేటిక్ ఛేంజోవర్ పెట్టుకుంటారు. మీరు ఛేంజోవర్‌కి ముందున్న మెయిన్ దించితే అది కరెంటు పోయిందనుకుని జనరేటరు ఎక్కించి మీ చేతిలో ఉన్న వైరుకే సరఫరా ఇస్తుంది. అందుకే జనరేటరు స్టార్ట్ కాకుండా కట్టేసి, డ్రైవ్‌కి దగ్గరున్న ఐసోలేటరు దించి, ఫ్యూజులు పీకి జేబులో పెట్టుకోండి. జేబులో అనే చెప్తున్నా. బల్ల మీద పెట్టిన ఫ్యూజుని ఎవరో ఒకరు "ఇదిక్కడ ఉందేంట్రా" అని తెచ్చి పెట్టేస్తారు.

ఇంకొక్కటి. మోటారు పర్మనెంట్ మాగ్నెట్ రకమైతే షాఫ్టు తిరిగినంతసేపూ అదే కరెంటు పుట్టిస్తుంది. పైపులో నీళ్లు వెనక్కి వచ్చి పంపుని తిప్పినా అంతే. షాఫ్టు ఆగిందని కళ్లతో చూడండి.

ఫోన్లోనే సగం పని

బయల్దేరే ముందే అడగాల్సినవి అడగండి. "ఏం కోడ్ వచ్చింది" ఒక్కటే సరిపోదు. స్టార్ట్ చేయగానే వచ్చిందా, స్పీడు ఎక్కేటప్పుడా, గంట నడిచాకా? పొద్దున్నే మంచులోనే వస్తోందా, వాన పడ్డాకనా? పక్కన పెద్ద మోటారు స్టార్ట్ అయినప్పుడా? ఈ మధ్య ఎవరైనా వైరు ముట్టుకున్నారా, మోటారు రీవైండింగుకి వెళ్లొచ్చిందా? ఈ చివరి ప్రశ్నకి ముందు "అబ్బే లేదండీ" అంటారు, పది నిమిషాలాగి "అదేనండీ, మొన్న బేరింగు మార్చాం" అంటారు.

పొద్దున్న వచ్చి ఎండెక్కాక పోయేదైతే తేమ. గంట నడిచాక వచ్చేదైతే వేడి, లేదంటే వేడికి వదులయ్యే లగ్గు (వైరు చివర నొక్కి స్క్రూకి బిగించే ముక్క). పక్క మోటారుతో వచ్చేదైతే వోల్టేజి డిప్ గానీ నాయిస్ (పక్క వైర్ల నుంచి సిగ్నల్లోకి చొరబడే గోల) గానీ. కుదుపుతో వచ్చేదైతే ఇన్సులేషన్ బాగానే ఉండి లోపల రాగి తెగిన కోర్. ఇవి రూళ్లేం కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే ఆనవాళ్లు మాత్రమే.

చేరాక డ్రైవ్‌లో ఫాల్ట్ హిస్టరీ తెరవండి. చాలా డ్రైవ్‌లు ట్రిప్ అయిన క్షణంలో ఫ్రీక్వెన్సీ, కరెంటు, డీసీ వోల్టేజి ఎంతున్నాయో దాచిపెడతాయి. 2 హెర్ట్జ్ దగ్గర ఓవర్ కరెంటు వేరు, 48 దగ్గర వేరు. ఆపరేటరు ఎన్నిసార్లు రీసెట్ కొట్టాడో కూడా చూడండి. ఓవర్ కరెంటుకీ ఎర్త్ ఫాల్టుకీ పదేపదే రీసెట్ కొట్టి స్టార్ట్ చేస్తే, అప్పటిదాకా బాగున్న డ్రైవ్ అప్పుడు నిజంగానే పోతుంది, లోపల ఐజీబీటీ (మోటారుకి కరెంటు తెరిచి మూసే ట్రాన్సిస్టర్) పేలుతుంది.

పవరు వైపు: మధ్యలో కోసి చూడడం

ఓవర్ కరెంటు, ఎర్త్ ఫాల్ట్, అవుట్‌పుట్ ఫేజ్ లాస్, ఈ మూడింటికీ పద్ధతి ఒకటే. తప్పు డ్రైవ్‌లో ఉందా, కేబుల్లోనా, మోటారులోనా? దాన్ని రెండుగా చీల్చుకుంటూ పోవాలి.

డ్రైవ్ దగ్గర మోటారుకి వెళ్లే యూ, వీ, డబ్ల్యూ వైర్లు విప్పండి, ఏది ఎక్కడిదో గుర్తు పెట్టుకుని. విప్పిన లగ్గులకి టేపు చుట్టి, మూత వేసి, డ్రైవ్‌ని ఖాళీగా వీ/ఎఫ్ మోడ్‌లో (ఫ్రీక్వెన్సీతో పాటు వోల్టేజి పెంచే మామూలు పద్ధతి) నడపండి. మోటారుని గమనిస్తూ నడిపే వెక్టర్ మోడ్‌లో ఉంచితే మోటారు కనపడక వేరే ఫాల్ట్ చూపించి మిమ్మల్ని తికమక పెడుతుంది. అవుట్‌పుట్ ఫేజ్ లాస్ రక్షణ కూడా కాసేపు ఆపుకోవాలి, అయ్యాక మళ్లీ పెట్టడం మర్చిపోకూడదు. ఖాళీగా కూడా అదే ఓవర్ కరెంటు, అదే ఎర్త్ ఫాల్ట్ వస్తే డ్రైవ్ లోపలి కరెంటు సెన్సరు గానీ ఐజీబీటీ గానీ పోయినట్టు. అప్పుడు సర్వీసు సెంటరుకి పంపండి, దిగులు లేదు. రాకపోతే తప్పు చాలావరకు బయటే ఉంటుంది, దిగులు పడాల్సింది మీరే, వెతకాలి కాబట్టి.

ఇప్పుడు మెగ్గర్, అంటే ఎక్కువ వోల్టేజి పెట్టి ఇన్సులేషన్ కొలిచే మీటరు. కేబుల్ డ్రైవ్ నుంచి పూర్తిగా విడిపోయి ఉందని మరోసారి చూసుకోండి, ఎందుకంటే డ్రైవ్ తగిలించి మెగ్గర్ తిప్పి డ్రైవ్‌ని చంపినవాళ్లు నాకు తెలిసే నలుగురున్నారు. మోటారులోంచి వచ్చే థర్మిస్టర్ (వేడి సెన్సరు), ఎన్‌కోడర్ (షాఫ్టు తిరుగుడు కొలిచే సెన్సరు) వైర్లు కూడా విప్పి పక్కన పెట్టాలి. 415 వోల్టుల మోటారుకి 500 వోల్టుల రేంజి చాలు. ఒక్కో ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య ఒక నిమిషం ఉంచి చదవండి. 1 మెగా ఓమ్ కంటే తక్కువైతే నడపనే కూడదు. మామూలు చిన్న మోటార్లకి 5 మెగా ఓమ్‌లు ఉండాలనేది ఇప్పుడు ఎక్కువమంది పాటించే లెక్క. పొడిగా ఉన్న మంచి మోటారు వందల మెగా ఓమ్‌లు చూపిస్తుంది. మొత్తం కలిపి తక్కువ వస్తే మోటారు టెర్మినల్ బాక్సు దగ్గర విప్పి కేబుల్ వేరుగా, మోటారు వేరుగా మళ్లీ కొలవండి. కేబుల్ని కోర్‌కీ కోర్‌కీ మధ్య కూడా కొలవడం మర్చిపోవద్దు, రెండు వైపులా విప్పి ఉన్నప్పుడు మాత్రమే.

ఆ బాక్సు మూత తీసినప్పుడు తొందరపడకండి. ఒకసారి మిల్లులో ఐడీ ఫ్యాన్ మోటారు మూత తీశాను. అడుగున వేలు మందాన ఊక పొడి, తడిసి ముద్దై గట్టిపడింది. దానిమీద డబ్ల్యూ లగ్గు ఆనుకుని, ఆనిన చోట బూడిద రంగులో చిన్న దారి, ముద్ద మీదుగా బాడీ దాకా గీత గీసినట్టు. కరెంటు పాకిన దారి అది. గ్లాండ్ బాక్సుకి పైన ఉంది, కేబుల్ పైనుంచి దిగుతూ వాన నీటిని కేబుల్ వెంటే లోపలికి తీసుకొచ్చింది. దానికి "డ్రైవ్ పోయింది" అని అప్పటికే రెండు కొటేషన్లు వచ్చి ఉన్నాయి. ముద్ద తుడిచి, వేడి గాలి పట్టి ఆరబెట్టి, బాక్సుని తిప్పి గ్లాండ్ కిందకి వచ్చేలా బిగిస్తే మెగ్గర్ 0.3 నుంచి 80 మెగా ఓమ్‌లకి ఎక్కింది.

తర్వాత వైండింగు ఓమ్‌లు. మూడు జతలూ ఒకేలా ఉండాలి. పెద్ద మోటార్లకి ఇది 1 ఓమ్ కంటే తక్కువ ఉంటుంది కాబట్టి మామూలు మీటరు సరిగ్గా చెప్పలేదు. ముందు రెండు ప్రోబులూ కలిపి ఎంత చూపిస్తోందో చూసి, ఆ అంకెని రీడింగులోంచి తీసేయండి. ఒక జత బాగా తేడాగా ఉంటే ముందు టెర్మినల్ బాక్సులో స్టార్ లేదా డెల్టా లింకుల నట్లు బిగించి మళ్లీ చూడండి, ఆ తర్వాతే రీవైండింగు షాపు సంగతి.

ఇన్‌పుట్ వైపు గురించి రెండు ముక్కలు. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా లోడు తక్కువుంటే డ్రైవ్ నడిచేస్తుంది, లోడు పడ్డాకే డీసీ వోల్టేజి ఊగి ట్రిప్ అవుతుంది. అందుకే "ఖాళీగా బాగానే ఉంది, వడ్లు వేస్తే ఆగిపోతోంది" అంటే ముందు ఇన్‌పుట్ ఫ్యూజులు చూడండి, నడుస్తుండగా మూడు ఫేజుల కరెంటు టంగ్ టెస్టరుతో (వైరు విప్పకుండా చుట్టూ పట్టుకుని కొలిచే మీటరు) చూడండి.

కంట్రోల్ వైర్లు, ప్రాక్సిమిటీ సెన్సర్లు

స్టార్ట్ నొక్కితే కదలడం లేదు, ఫాల్ట్ కూడా లేదు, అంటే డ్రైవ్‌కి మీ మాట చేరట్లేదన్నమాట. ముందు డ్రైవ్ మానిటర్‌లో డిజిటల్ ఇన్‌పుట్ల స్థితి చూడండి, బటన్ నొక్కినప్పుడు అక్కడ 0 కాస్తా 1 అవుతోందా లేదా. అవుతుంటే వైరు బాగుంది, పారామీటరు చూడాలి. ఎమర్జెన్సీ స్టాప్ నొక్కి వదిలేసి ఉండొచ్చు, మోటారు తిరగకుండా ఆపే సేఫ్ టార్క్ ఆఫ్ లింకు ఊడి ఉండొచ్చు. అవ్వకపోతే డ్రైవ్ టెర్మినల్ దగ్గర 24 వోల్టులు ఉన్నాయో లేదో కొలవండి. 24కి బదులు 8, 10 చూపిస్తే బయట ఎక్కడో షార్టు ఉంది. బయటికి పోయే వైర్లు ఒక్కొక్కటీ విప్పుకుంటూ పోతే ఏది విప్పగానే 24 తిరిగొస్తే అదే దొంగ.

ఎలివేటర్ బెల్టు ఆగిందో లేదో చూసే ప్రాక్సిమిటీ సెన్సరు మా మిల్లుల్లో బాగా ఇబ్బంది పెట్టే ఘటం. డీసీ సెన్సర్లలో గోధుమ రంగు ప్లస్, నీలం మైనస్, నలుపు అవుట్‌పుట్. స్క్రూడ్రైవర్ మొన దాని ముక్కు దగ్గర పెడితే లైటు వెలగాలి. వెలగకపోతే గోధుమ, నీలం మధ్య 24 ఉందా చూడండి. ఉండి కూడా వెలగకపోతే సెన్సరు పోయింది. లైటు వెలిగి డ్రైవ్‌కి తెలియకపోతే నలుపు వైరు గానీ, సెన్సరు రకం గానీ తప్పు. పీఎన్‌పీ రకం పనిచేసినప్పుడు నలుపు మీద 24 ఇస్తుంది, ఎన్‌పీఎన్ రకం నలుపుని మైనస్‌కి లాగుతుంది. షాపులో ఉన్నది తెచ్చి బిగించేశారంటే సగంసార్లు ఇదే గొడవ. డ్రైవ్‌లో ఈ రెండు రకాలకీ తగ్గట్టు సింక్, సోర్స్ మార్చే స్విచ్ ఉంటుంది కానీ దాన్ని మారిస్తే మిగతా ఇన్‌పుట్లన్నీ తలకిందులవుతాయి. సరైన సెన్సరు తెచ్చుకోవడమే నయం.

దూరంగా ఉన్న వైరు తెగిందో లేదో చూడడానికి కేబుల్ పొడవునా మీటరు లాగక్కర్లేదు. అవతలి చివర రెండు కోర్లు కలిపేసి ఇవతల ఓమ్‌లు చూడండి. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కిలోమీటరుకి సుమారు 12 ఓమ్‌లు, కాబట్టి 100 మీటర్లు పోయి రావడానికి రెండున్నర ఓమ్‌ల లోపు రావాలి. 15, 20 వస్తే మధ్యలో కుళ్లిన జాయింటు ఉంది. మీటరు చూస్తూ ఉండమని ఒకర్ని నిలబెట్టి మీరు కేబుల్ని గ్లాండ్ల దగ్గర, వంపుల దగ్గర ఊపుతూ వెళ్లండి. అంకె గెంతిన చోట కొయ్యండి.

4–20 మిల్లీయాంప్ లూపు

ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే ప్రెషర్, లెవెల్, బాయిలర్ డ్రాఫ్ట్, ఇలా డ్రైవ్‌కి "ఎంత" అని చెప్పే సెన్సర్లు ఎక్కువ ఇవే, జనం ఎక్కువ భయపడేదీ వీటికే.

ఇలాంటి సెన్సరునే ట్రాన్స్‌మిటర్ అంటారు. రెండు వైర్ల ట్రాన్స్‌మిటర్ అంటే నీళ్ల కుళాయి లాంటిది. 24 వోల్టుల సప్లైలోంచి కరెంటు దానిగుండా పోయి డ్రైవ్ అనలాగ్ ఇన్‌పుట్లోకి వెళ్లి మైనస్‌కి చేరుతుంది. ప్రెషర్‌ని బట్టి అది ఆ కుళాయిని తిప్పుతుంది, అంతే. 0 నుంచి 10 బార్ ట్రాన్స్‌మిటర్ అయితే 0 బార్‌కి 4, 5 బార్‌కి 12, 10 బార్‌కి 20 మిల్లీయాంప్‌లు. సున్నాకి 4 ఎందుకంటే వైరు తెగితే 0 వస్తుంది, దాంతో "ప్రెషర్ లేదు", "వైరు లేదు" వేరువేరుగా తెలుస్తాయి. చాలా ట్రాన్స్‌మిటర్లు తమలో తేడా వస్తే 3.6 కంటే తక్కువో 21 కంటే ఎక్కువో కావాలనే పంపిస్తాయి.

మొదట డ్రైవ్ ఇన్‌పుట్ కరెంటు మోడ్‌లో ఉందా, వోల్టేజి మోడ్‌లో ఉందా చూడండి. పక్కనే బుల్లి స్విచ్ గానీ జంపర్ గానీ ఉంటుంది. కొత్త డ్రైవ్ పెట్టినప్పుడు మర్చిపోయేది ఇదే.

తర్వాత ట్రాన్స్‌మిటర్ కాళ్ల మీద డీసీ వోల్టులు కొలవండి, దేన్నీ విప్పకుండా. 20, 21 వోల్టులుంటే లూపు నడుస్తోంది. నిండా 24 ఉండి డ్రైవ్‌లో సున్నా ఉంటే ట్రాన్స్‌మిటరే తెగిపోయింది, కరెంటుని పోనివ్వట్లేదు. అక్కడ వోల్టులే లేకపోతే ట్రాన్స్‌మిటర్‌ది తప్పు కాదు, సప్లై గానీ రెండు వైర్లలో ఒకటి గానీ పోయింది. ఈ ఒక్క కొలత నాకు ఎన్నో గంటలు మిగిల్చింది. ప్లస్, మైనస్ తారుమారైనా కరెంటు రాదు, చాలావాటికి దానివల్ల నష్టం ఉండదు, తిప్పి పెడితే సరి.

అప్పుడు ఒక వైరు విప్పి మీటరుని వరుసలో పెట్టి మిల్లీయాంప్‌లు చదవండి. మీటరు ప్రోబు మిల్లీయాంప్ రంధ్రంలోనే ఉంచేసి తర్వాత 415 కొలవడానికి వెళ్తే ఏమవుతుందో చెప్పను. కొలవగానే ప్రోబు మార్చండి, అది అలవాటైపోవాలి. మీటరులో 12 ఉండి డ్రైవ్‌లో 5 బార్ కనపడితే ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు. మీటరులో 12, డ్రైవ్‌లో ఇంకేదో అయితే స్కేలింగు పారామీటరు తప్పు.

ట్రాన్స్‌మిటర్ తప్పా, డ్రైవ్ తప్పా తేలకపోతే ఒక చిట్కా. సిమ్యులేటర్ కొనక్కర్లేదు. 1.8 కిలో ఓమ్‌ల, 1 వాట్ రెసిస్టర్ ఒకటి సంచిలో పెట్టుకోండి. ట్రాన్స్‌మిటర్ తీసేసి దాని స్థానంలో ఆ రెసిస్టర్ పెట్టండి. ఇన్‌పుట్‌కి 250 ఓమ్‌లు ఉన్నాయనుకుంటే 24 వోల్టుల మీద సుమారు 11.7 మిల్లీయాంప్‌లు వస్తాయి, అంటే డ్రైవ్ 4.8 బార్ చూపించాలి. చూపించిందా, డ్రైవూ వైరింగూ బాగున్నాయి, ట్రాన్స్‌మిటర్ మార్చండి. డ్రైవ్ ఆటోలో ఉంటే పంపు పరిగెత్తే ప్రమాదం ఉంది కాబట్టి ఇదంతా స్టాప్‌లో ఉంచే చెయ్యాలి.

ఇప్పుడు మా ఉప్పునీటి ప్రాంతపు ముచ్చట. ఒక రొయ్యల ప్లాంటులో కడుగుడు నీళ్ల పంపు రోజూ తెల్లారి నీరసంగా నడుస్తుంది, పదకొండు గంటలకి బాగైపోతుంది, ఫాల్ట్ ఏమీ ఉండదు. పంపు ఇంపెల్లర్ కూడా మార్చేశారు. పైపు మీద గేజి చూస్తే 3 బార్, డ్రైవ్‌లో చూస్తే 4.2. ట్రాన్స్‌మిటర్ నెత్తిమీద కనెక్టరు విప్పితే రబ్బరు వాషర్ లేదు, లోపల రెండు కాళ్ల మధ్య తెల్లటి ఉప్పు పొర, దాని అంచున రాగి పచ్చదనం. రాత్రి మంచుకి ఆ ఉప్పు చెమ్మగిల్లి కాళ్ల మధ్య పది కిలో ఓమ్‌ల దారి వేస్తోంది. 20 వోల్టుల మీద పది కిలో ఓమ్‌లంటే 2 మిల్లీయాంప్‌లు, అవి ట్రాన్స్‌మిటర్ పంపేవాటికి తోడవుతున్నాయి. 10 బార్ స్కేలు మీద 2 మిల్లీయాంప్‌లంటే ఒకటింపావు బార్. ప్రెషర్ ఎక్కువ ఉందనుకుని డ్రైవ్ పంపుని తగ్గించేస్తోంది, అది దాని ధర్మం. ఎండకి ఆరగానే అంతా మామూలే. ట్రాన్స్‌మిటర్ కాళ్ల మధ్య తడి రీడింగుని పైకే తోస్తుంది, తెగడం, తుప్పు కిందకి లాగుతాయి. పాత టూత్‌బ్రష్, కాంటాక్ట్ క్లీనరు, కొత్త వాషరు, అయిపోయింది.

మోటారు తిరిగినప్పుడే అంకెలు గెంతితే

ఆపినప్పుడు నిలకడగా ఉండి నడిపినప్పుడు రీడింగు ఊగితే అది నాయిస్. ఖాయం చేసుకోవడానికి డ్రైవ్‌లో క్యారియర్ ఫ్రీక్వెన్సీ (ఐజీబీటీలు సెకనుకి ఎన్నిసార్లు తెరిచి మూసేదీ) తగ్గించి చూడండి, ఊగుడు తగ్గితే అనుమానం నిజమే. సిగ్నల్ కేబుల్, మోటారు కేబుల్ ఒకే ట్రేలో తాడు కట్టినట్టు పోతుంటాయి, అదీ కారణం. కనీసం 300 మిల్లీమీటర్లు విడదీయండి, దాటాల్సి వస్తే అడ్డంగా, 90 డిగ్రీల్లో దాటించండి. అనలాగ్ సిగ్నల్ షీల్డు ప్యానెల్ వైపు ఒక్క చివరే ఎర్త్ చెయ్యాలి, మోటారు కేబుల్ షీల్డు మాత్రం రెండు వైపులా. ఈ రెండూ తారుమారు చేసేవాళ్లు చాలామంది. మోటారు ఎర్త్ వైరు నేరుగా డ్రైవ్ ఎర్త్ టెర్మినల్‌కి రావాలి, పక్క స్తంభం దగ్గర కలిపేస్తే కుదరదు. మా ఉప్పు నేలల్లో ఎర్త్ పట్టీ మట్టిలోకి దిగే చోట తుప్పు తిని సన్నబడిపోతుంది, పైనుంచి చూస్తే బాగానే కనపడుతుంది, ఒకసారి తవ్వి చూడండి.

వేడి సెన్సర్లు

వైండింగులో పెట్టే పీటీసీ థర్మిస్టర్లు మామూలుగా మూడు వరుసలో ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు మొత్తం 750 ఓమ్‌ల లోపు ఉండాలి. వేడెక్కితే ఒక్కసారిగా వేలల్లోకి పోతుంది, 3, 4 కిలో ఓమ్‌ల దగ్గర డ్రైవ్ ఆపేస్తుంది. మోటారు చల్లగా ఉండగానే ఓవర్ హీట్ చూపిస్తే వైరు తెగినట్టే. దీని మీద మెగ్గర్ పొరపాటున కూడా వద్దు.

పీటీ100 (వేడికి ఓమ్‌లు పెరిగే ప్లాటినం సెన్సరు) అయితే 0 డిగ్రీల దగ్గర 100 ఓమ్‌లు, మా మామూలు 30 డిగ్రీలకి 111.7, 100 డిగ్రీలకి 138.5. మూడు వైర్లలో ఒకే రంగువి రెండూ ఒకే కాలికి, వాటి మధ్య దాదాపు సున్నా. తెగితే ఉష్ణోగ్రత ఆకాశానికి పోతుంది, షార్టు అయితే మైనస్‌లోకి. ఒక ఓమ్ తేడా అంటే రెండున్నర డిగ్రీలు, కాబట్టి రెండు వైర్లతోనే లాగిన చోట తుప్పు జాయింటు ఒక్కటి చాలు మోటారుకి లేని జ్వరం తెప్పించడానికి.

ఎన్‌కోడర్

క్రేన్లు, ప్యాకింగు మెషిన్లు ఉన్నవాళ్లకే ఇది. ముందు కప్లింగు స్క్రూ చూడండి, వైరు తర్వాత. సగం ఎన్‌కోడర్ ఫాల్టులు ఆ చిన్న స్క్రూ వదులైనవే. సప్లై 5 వోల్టులదా, 10–30 వోల్టులదా నేమ్‌ప్లేటు మీద చదవండి, 5 దానికి 24 ఇచ్చారంటే ఇక దండ వెయ్యడమే. షాఫ్టుని చేత్తో మెల్లగా తిప్పుతూ ఏ, బీ అనే రెండు సిగ్నల్ కాళ్లు ఒక్కొక్కటీ మైనస్‌తో కొలిస్తే పైకీ కిందకీ మారుతూ ఉండాలి, వేగంగా తిరిగేటప్పుడు మీటరు సప్లైలో సగం చూపిస్తుంది. ఒకటి మారకుండా కూర్చుంటే ఆ ఛానెల్ పోయింది లేదా ఆ కోర్ తెగింది.

మోటారు వణుకుతూ మెల్లగా కదిలి, కరెంటు మాత్రం ఎక్కువ తాగి స్పీడ్ తేడా అని ట్రిప్ అయితే ఏ, బీ తారుమారయ్యాయేమో. లోడు లేకుండా వీ/ఎఫ్‌లో నడిపి ఫీడ్‌బ్యాక్ స్పీడు గుర్తు చూడండి, కమాండు ప్లస్ ఉండి ఇది మైనస్ ఉంటే ఏ జత, బీ జత మార్చండి.

ఎలక్ట్రిక్ ఆటోవాళ్లు కూడా అడుగుతుంటారు కాబట్టి ఒక ముక్క. వాటి మోటారులో మూడు హాల్ సెన్సర్లు (అయస్కాంతాన్ని పసిగట్టేవి), 5 వోల్టుల సప్లై. చక్రం చేత్తో తిప్పితే మూడు సిగ్నళ్లూ 0కీ 5కీ మధ్య మారాలి. మామూలు 120 డిగ్రీల అమరికలో మూడూ ఒకేసారి 0 గానీ, ఒకేసారి 5 గానీ ఎప్పుడూ ఉండవు. ఉంటే ఒకటి పోయింది. కాలవ గట్టు మీద నీళ్లలో పోయాక వచ్చిన ఫాల్ట్ అయితే ముందు కనెక్టరు విప్పి ఆరబెట్టండి.

మళ్లీ రాకుండా

గ్లాండ్ ఎప్పుడూ కిందకి. కేబుల్ బాక్సులోకి వెళ్లే ముందు ఒక బొజ్జలా కిందకి వేలాడేలా వదలండి, నీళ్లు అక్కడ కారిపోతాయి. వాడని గ్లాండ్ రంధ్రాలు మూసేయండి, బల్లులు దూరేది అందులోంచే, రెండు ఫేజుల మధ్య బల్లి పడితే మీకు తెలుసుగా. తడి ఉండే చోట టేపు జాయింటు వద్దు, లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ వాడండి. సన్న తీగల వైరుని నేరుగా స్క్రూ కింద నొక్కకుండా ఫెర్రూల్ (వైరు చివర నొక్కే చిన్న గొట్టం) వెయ్యండి. ధాన్యం ఉన్నచోట ఎలుక ఉంటుంది, కేబుల్ని జీఐ పైపులో వెయ్యండి, పైపు చివరలు స్టీలు పీచుతో కుక్కండి.

బిగించాక ఖాళీగా, తర్వాత లోడు మీద నడిపి మూడు ఫేజుల కరెంటు టంగ్ టెస్టరుతో చూడండి, దగ్గరదగ్గరగా ఉండాలి. డ్రైవ్ అవుట్‌పుట్ వోల్టేజి మామూలు మీటరుతో కొలిచి "తేడాగా ఉందే" అని కంగారు పడకండి, ఆ తరంగం దానికి అర్థం కాదు. ఆపుకున్న ఫేజ్ లాస్ రక్షణ తిరిగి పెట్టారా? మోడ్ వీ/ఎఫ్ నుంచి మార్చారా? గంట లోడు మీద నడిచాక ఆపి, పైన చెప్పినట్టు కెపాసిటర్లు దిగేదాకా ఆగి, లగ్గులన్నీ ఇంకోసారి బిగించండి. ప్యానెల్ తలుపు లోపల కాగితం అంటించి తేదీ, కోడ్, ఏ వైరు, మెగ్గర్ ఎంత, ఏం చేశారు, మార్కర్‌తో రాయండి. వచ్చే వానాకాలం అర్ధరాత్రి టార్చి పట్టుకుని ఆ తలుపు తీసేది ఎక్కువసార్లు మీరే అవుతారు.